విప్పేసిన శంఖువు

నేను ఒక శంఖువుని. గుళ్లో ఊదే శంఖమనుకునేరు! లెక్కల పుస్తకంలో బొమ్మగా ఉంటుందే, అదన్నమాట. తుని సంతలో రేకు డబ్బాలు చేసే మస్తాన్ పాత నూనె డబ్బా కోసి నన్ను చుట్టాడు. మూతి వెడల్పూ ఎత్తూ నాతో సమానంగా ఒక స్థూపాన్నీ చేశాడు. "కింద పెడితే నిలబడదు, ఇదేం పాత్రండీ?" అని నా మీద జాలి కూడా పడ్డాడు.

లెక్కల టీచరు హైమవతిగారు నన్ను చేయించింది పదో తరగతి నూకరత్నం కోసం. ఆ పిల్లకు అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలు పోయాయి. పబ్లిక్‌లోనూ పోతే జీడిపప్పు బట్టీలో పనికి పెడతానని తల్లి తేల్చి చెప్పేసింది.

"దీంతో మూడుసార్లు శనగలు పోస్తే స్థూపం సరిగ్గా నిండుతుంది, చూడు" అన్నారు టీచరు.

నూకరత్నం పోసింది. మూడోసారికి శనగలు పొంగి బల్లంతా దొర్లాయి. క్లాసు గొల్లుమంది. పొంగవూ మరి! తల్లి సంతలో శనగలమ్ముతుంది. ఆ ఇంట్లో కొలతంటే పైన గోపురం లేవాల్సిందే.

"అంచుకి సమంగా తుడిచి పొయ్యవే."

"తలగొట్టి కొలవకూడదండి. మాయమ్మ సూత్తే సంపేద్దండి!"

టీచరు కోప్పడలేదు, నవ్వేశారు. "సరే, పైన నిలిచిన ఆ కుప్పది ఏ ఆకారం?"

పిల్ల నన్ను తేరిపార చూసింది. "ఓర్నాయనో! ఇదీ శంఖువేనండి. బోర్లించిన పిల్ల శంఖువు!"

ఆ పూట ఆ కుప్పకీ ఘనపరిమాణం కట్టింది. నాకెంత గర్వమో చెప్పలేను.

వైశాల్యం దగ్గర మళ్లీ చతికిలబడింది. గుడారానికి గుడ్డ ఎంత కావాలంటే, లోపల పట్టే గాలి లెక్క కడుతుంది. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒకరోజు టీచరు రేకు కత్తెర తీశారు. మనుషులింతే, అర్థం కాకపోతే కోసి చూస్తారు. అతుకు వెంట కర్రుమని కోసి, నన్ను బల్ల మీద చాపలా పరిచేశారు.

"ఇంతేనాండీ! గుండ్రటి అట్టులో ముక్క కదండీ ఇది!"

నా అంచు వెంట వేలు నడిపింది. ఇది ఏటవాలు ఎత్తు, ఈ వంపు మూతి చుట్టుకొలత అనుకుంటూ సూత్రం తనే రాసేసింది.

పరీక్షలో గుడారమే వచ్చింది. నూకరత్నం గట్టెక్కింది. ఫలితాల రోజున తల్లి కూడా బడికొచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఇంటర్లో ఎప్పుడు సేర్పించాలండీ?" అని అడిగింది.

టీచరు గోడకు తగిలించిన నన్ను చూపించి, "పాపం, దీన్ని మళ్లీ అతికించేద్దామా?" అన్నారు.

"వద్దండి, అలాగే ఒగ్గేయండి. నాలాటోళ్లు ఏటేటా వత్తారు కదండీ" అంది నూకరత్నం.

ఎవరైనా అతికిస్తే బాగుండునని అంతవరకూ లోలోపల ఏడుస్తూనే ఉన్నాను. ఆ మాట విన్నాక ఆ కోరికే పోయింది. చల్లగా ఉండు తల్లీ!