ఆడింది జెనిఫర్

ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి, భోజనాలయ్యాక, బందరు ఈడేపల్లిలోని ఆ ఇంట్లో నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. చేపల పులుసు గిన్నె ఇంకా తీయలేదు. జెనిఫర్ ఫోను పట్టుకుని కంప్యూటర్ భాగాల ధరలు ఒక్కొక్కటే చదువుతుంటే తండ్రి కళ్లజోడు సర్దుకుని వింటున్నాడు, తల్లి మధ్యమధ్య నవ్వుతోంది, అన్న తల ఊపుతున్నాడు. ఆ సమయంలో ఎవరైనా గుమ్మంలో నిలబడి చూసి ఉంటే ఎంత చక్కటి కుటుంబం అనుకునేవారు. ఆ బల్ల దగ్గరే ఒక అమ్మాయికి ఎంత అన్యాయం జరుగుతోందో ఆ అమ్మాయికే తెలియదు.

జకరయ్య ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. కోడూరు దగ్గర పల్లెలో పుట్టి, కష్టపడి చదువుకుని, బందరులో ఇల్లు కట్టుకున్న మనిషి. కొడుకు శ్యామ్ సుందర్ ఇంజనీరింగు పూర్తిచేశాడు కానీ ఉద్యోగం దొరకలేదు. కూతురు జెనిఫర్ డిగ్రీ చదువుతోంది. ఆ ఇంట్లో కంప్యూటర్ ఆటలు బాగా ఆడగలిగింది ఆమె ఒక్కతే. పాత ఫోనులోనే ఆడి కాలేజీల పోటీల్లో గెలిచింది. సొంతంగా ఒక ఛానల్ పెట్టి, తాను ఆడుతుంటే జనం చూసేలా లైవ్ ఇవ్వాలన్నది ఆమె కోరిక. దానికి ఫోను చాలదు. మంచి డెస్క్‌టాప్ కావాలి. డెబ్బై వేలు దాటకుండా అయితే సరేనన్నాడు తండ్రి.

"ముందు గ్రాఫిక్స్ కార్డు తేల్చుకుందాం నాన్నా," అంది జెనిఫర్. "ఎక్కువ డబ్బు పెట్టాల్సింది దానికే. ఆట నడిపించేదీ అదే, ఆడేదాన్ని వీడియోగా మార్చి లైవ్‌కి పంపేదీ అదే. అది బాగుంటే ప్రాసెసర్ మధ్యరకంది చాలు."

"సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా పెద్ద కార్డు వస్తుంది కదే," అన్నాడు శ్యామ్.

"దాన్ని ఎవరు ఎంత వాడి వదిలేశారో మనకేం తెలుసన్నయ్యా. చిన్నదైనా వారంటీ ఉన్నది కొందాం. పవర్ సప్లై దగ్గర కూడా కక్కుర్తి వద్దు. గాలివాన వస్తే మన ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందో తెలుసుగా. చవకది పెడితే అది పోవడమే కాదు, మిగతావి కూడా పాడుచేస్తుంది."

రంగుల లైట్లు మెరిసే క్యాబినెట్ కావాలన్నాడు శ్యామ్. గాలి బాగా ఆడేది చాలంది ఆమె. ర్యామ్ మాత్రం తగ్గించనంది. ఆటా, లైవూ ఒకేసారి నడవాలంటే తక్కువ ర్యామ్‌తో కుదరదని తండ్రికి అర్థమయ్యేలా చెప్పింది. చివరికి లెక్క వేసి చూస్తే కాస్త ఎక్కువయింది.

"కెమెరా, మైకు తీసెయ్," అన్నాడు శ్యామ్. "ముందు కొన్నాళ్లు ఆడి చెయ్యి తిరగనివ్వు. ఇప్పుడే లైవ్ మొదలుపెట్టి తడబడితే మళ్లీ ఎవరూ చూడరు. నీ ఆటలన్నీ నేను రికార్డు చేసి ఉంచుతా. తప్పులు చూసుకోవడానికి పనికొస్తాయి."

"అన్నయ్య చెప్పింది బాగుందమ్మా," అంది తల్లి సుప్రియ వెంటనే. "అవి తర్వాత కొనుక్కోవచ్చు."

జెనిఫర్ ఒక్క క్షణం ఆలోచించి ఆ రెండూ తీసేసింది. అన్నయ్య తన గురించి ఇంత ఆలోచించాడని ఆమెకు సంతోషం వేసింది కూడా.

సామాన్లన్నీ గుడివాడలో కొన్నారు. జకరయ్య అక్క ప్రేమమ్మ కొడుకు జేమ్స్‌కి అక్కడ కంప్యూటర్ల షాపు ఉంది. జేమ్స్ దగ్గరుండి అన్నీ బిగించి, కారులో పెట్టి పంపాడు. అప్పటినుంచి జెనిఫర్ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చునేది. తల్లి పిలిస్తే లేచి పని చేసి వచ్చేది, మళ్లీ ఆడేది. కొన్ని నెలల్లో ఆమె ఆట ఎంతో పదునెక్కింది. లైవ్ ఎప్పుడు మొదలుపెడదామని అడిగినప్పుడల్లా, ఇంకొన్నాళ్లు ఆగమనేవాడు శ్యామ్. ఆమె ఆగింది.

ఒకరోజు కాలేజీ క్యాంటీన్‌లో స్నేహితురాలు తేజస్వి ఫోను చేతికిచ్చింది. "మీ అన్నయ్య ఇంత బాగా ఆడతాడని చెప్పనేలేదేం? మా తమ్ముడు రోజూ చూస్తాడట."

తెర మీద ఒక మూల శ్యామ్ ముఖం కనిపిస్తోంది. ముందు మైకు ఉంది. కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తూ మాట్లాడుతున్నాడు. లైవ్ అని రాసి ఉంది. ఆట మాత్రం జెనిఫర్ ముందురోజు సాయంత్రం ఆడినదే.

మొదట ఆమె నమ్మలేదు. చాలామంది ఒకేలా ఆడతారు కదా అనుకుంది. అంతలో ఆటలోని సైనికుడు గోడ చాటుకు వెళ్లి కదలకుండా నిలబడిపోయాడు. జెనిఫర్‌కి వెంటనే గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అమ్మ కేకేస్తే, సైనికుణ్ణి గోడ చాటున వదిలేసి తాను వంటింట్లోకి పరుగెత్తిన సమయం అది.

తెర మూలనుంచి శ్యామ్ గొంతు తగ్గించి చెబుతున్నాడు: "ఇక్కడ తొందరపడకూడదు ఫ్రెండ్స్. ఓపిక పట్టాలి. శత్రువే మన దగ్గరికి వస్తాడు. నేనెప్పుడూ ఇలాగే ఆగుతాను."

కింద వందలమంది మెచ్చుకుంటూ రాస్తున్నారు. జెనిఫర్ ఫోను తిరిగిచ్చేసింది. "అవును, మా అన్నయ్యే," అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అన్న గదిలో బీరువా తెరిచింది. దుప్పట్ల వెనక కెమెరా, మైకు ఉన్నాయి. వాటిని తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టింది.

శ్యామ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. మాట్లాడింది తల్లి.

"వాణ్ణేం అనకమ్మా. మేమే అలా చెయ్యమన్నాం."

"ఎప్పుడన్నారమ్మా?"

సుప్రియ భర్త వైపు చూసింది. జకరయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొనకముందే అనుకున్నాం," అన్నాడు. "నువ్వు కెమెరాలో కనిపిస్తే ఎవడెవడో ఏదేదో రాస్తాడు. రేపు నీకు సంబంధాలు చూడాలి. వాడా, ఉద్యోగం లేక చర్చికి రావడానికి కూడా సిగ్గుపడుతున్నాడు. ఇంట్లో ఉన్న విద్యే కదా, వాడి పేరు మీద వెళ్తే వాడికో దారి దొరుకుతుంది, నీకు మాట రాదు అనుకున్నాం. అందరం ఒకటే కదమ్మా."

"అయితే ఆ ఆదివారం నాతో ఎందుకు లెక్కలు వేయించారు నాన్నా? కెమెరా వద్దని నా చేతే ఎందుకు తీయించారు?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. జెనిఫర్‌కి అన్న మీద వచ్చిన కోపం కంటే, ఆ రోజు తల్లి నవ్విన నవ్వూ, తండ్రి శ్రద్ధగా విన్న తీరూ గుర్తొచ్చి ఎక్కువ బాధేసింది. తాను ఒక్కో పార్టూ ఎందుకు కావాలో చెబుతుంటే ఆ ముగ్గురూ తెలిసి తెలిసి తల ఊపారు. వాళ్లలో ఒక్కరికైనా, పిల్లతో ఒక మాట చెబుదామనిపించలేదు.

ఆ తర్వాత ఆమె ఇంట్లో కంప్యూటర్ ముట్టుకోలేదు. శ్యామ్ పాత రికార్డింగులతోనే నెట్టుకొచ్చాడు.

ఇంతలో జేమ్స్ తన షాపు వార్షికోత్సవానికి గుడివాడలో ఒక కల్యాణమండపం మాట్లాడి ఆటల పోటీ పెట్టాడు. శ్యామ్‌ని ముఖ్య అతిథిగా పిలిచాడు. వేదిక మీద ఒక ఆట ఆడి చూపించమన్నాడు. శ్యామ్ మణికట్టుకు కట్టు కట్టుకుని, చెయ్యి బెణికిందని చెప్పడానికి సిద్ధపడి తండ్రితో కారులో బయల్దేరాడు. జెనిఫర్ వాళ్లతో వెళ్లలేదు. తేజస్విని తోడు తీసుకుని బస్సెక్కి పామర్రు మీదుగా గుడివాడ చేరింది. పోటీలో తన పేరు తానే నమోదు చేయించుకుంది.

ఆ రోజు ఆమె బాగా ఆడింది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరి ఆట కూడా గెలిచింది. కుర్రాళ్లు కుర్చీల్లోంచి లేచి నిలబడి చూశారు. జేమ్స్ మైకు అందుకున్నాడు. అతనికి అసలు సంగతి తెలియదు. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటూనే అన్నాడు:

"ఈ అమ్మాయి మా మావయ్య కూతురే. చూశారుగా, శ్యామ్ ఆట అచ్చు దింపేసింది. గోడ చాటున ఆగడం, పక్కనుంచి రావడం, అన్నీ అన్నయ్యవే. ఇంత బాగా నేర్పిన గురువుకి ముందు చప్పట్లు కొట్టండి."

మండపమంతా చప్పట్లు మోగాయి. శ్యామ్ లేచి, కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. జెనిఫర్ వేదిక మీదనుంచి ముందు వరసలో ఉన్న తండ్రి వైపు చూసింది. ఒక్క మాట చాలు. లేచి, కాదు జేమ్సూ అంటే చాలు. జకరయ్య ఆమె చూపు తప్పించాడు. పక్కవాళ్లు తనవైపు చూస్తున్నారని గమనించి తానూ చప్పట్లు కొట్టాడు.

కప్పు తీసుకుని జెనిఫర్ వేదిక దిగింది. ఆమె గెలుపు కూడా అన్న ఖాతాలోకే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనం ప్రేమమ్మ ఇంట్లో. ఆమె ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరైంది. ఆ కుటుంబంలో ఆమె మాటకు ఎదురు లేదు. అందరికీ వడ్డించి, జెనిఫర్ కంచంలో అన్నం కదలకపోవడం చూసింది.

"గెలిచిన పిల్లవి, అలా ఉన్నావేమే?"

"నేను గెలవలేదత్తా. అన్నయ్య నేర్పింది అప్పజెప్పానట."

ఆ గొంతు విని ప్రేమమ్మ గరిటె కింద పెట్టి పక్కన కూర్చుంది. జెనిఫర్ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏడవలేదు. జేమ్స్ తినడం ఆపేశాడు.

"మావయ్యా," అన్నాడు నెమ్మదిగా, "కంప్యూటర్ కొన్న వారంలోనే మీరొక్కరే వచ్చి కెమెరా, మైకు తీసుకెళ్లారు. జెన్నీకి చెప్పకు, దాని పుట్టినరోజుకి ఇస్తాను అన్నారు. నేను తనకేననుకుని మంచివి చూసి ఇచ్చాను."

జెనిఫర్ తండ్రి వైపు తిరిగింది. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ప్రేమమ్మ కుర్చీ జకరయ్య వైపు తిప్పుకుంది. తర్వాత తమ్ముడితో అంది:

"ఒరేయ్ జకరయ్యా, లోకం పిల్లనేమన్నా అంటుందని భయపడ్డావు. ఆడపిల్ల తండ్రివి, ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆ మాటే దాంతో చెప్పి ఉంటే పోట్లాడేది, అలిగేది, ఏదో ఒకటి తేలేది. నువ్వలా చెయ్యలేదు. దాని ఆట కావాలి, అది మాత్రం కనిపించకూడదన్నావు. మా బళ్లో అన్నదమ్ముల రికార్డులు రాసిపెట్టిన ఆడపిల్లల్ని ఎంతమందిని చూశానో. మార్కులు వాళ్లకి, మంచిపిల్ల అన్న మాట వీళ్లకి. బయటివాడు ఈ పని చేస్తే దొంగతనం అంటాం. మన ఇంట్లో మనం చేసుకుంటే జాగ్రత్త అంటున్నాం. పరువు కోసమని పిల్ల కష్టాన్ని కొడుక్కి కట్టబెడితే అది పెంపకం కాదురా."

శ్యామ్ చేతి కట్టు విప్పేసి బల్ల కింద పెట్టుకున్నాడు. "నేను చెబుతానత్తా," అన్నాడు. "ఛానల్లో నేనే చెబుతాను."

ఆ వారమే చెప్పాడు. ఆడింది తన చెల్లెలని, తాను అబద్ధం ఆడానని, ముఖం దాచుకోకుండా చెప్పాడు. కొందరు తిట్టారు. కొందరు, చెల్లెల్ని పైకి తేవడానికి కొత్త నాటకం వేస్తున్నాడన్నారు. చూసేవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు. అతను ఆ ఛానల్ మూసేసి, జేమ్స్ షాపులో పనికి కుదురుకున్నాడు. జెనిఫర్ తన పేరుతో మొదటినుంచి మొదలుపెట్టింది. చూసేవాళ్లు తక్కువే. శ్యామ్ స్టైల్ కదా ఇది అని ఇప్పటికీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఆమె ప్రతిసారీ ఓపిగ్గా, కాదు, నాదే అని జవాబిస్తుంది.

ఒక సాయంత్రం తల్లి పక్కన కూర్చుని అడిగింది. "అన్నీ సర్దుకున్నాయి కదా. ఇంకా మా మీద కోపమేనా?"

"కోపం ఎప్పుడో పోయిందమ్మా," అంది జెనిఫర్. "మీరు ఏదైనా నా మంచికే అని చెబితే, దాని వెనక ఇంకేముందా అని చూసుకోవడం అలవాటైపోయింది. అదొక్కటీ పోవడంలేదు."

కూతురు అన్నదాంట్లో సుప్రియకు అబద్ధమేమీ కనిపించలేదు.

ఆడపిల్లలను కాపాడుకుంటున్నామనే తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలి. బయటివాళ్లు అనే మాటలకు పిల్ల ఎలాగో ఎదురు నిలబడుతుంది. సొంత ఇల్లే తన పేరు తీసి మరొకరికి ఇచ్చిందని తెలిసిన రోజున, ఆ పిల్ల ఇక ఎవరిని నమ్మి నిలబడాలి?