గట్టు మీది కోచ్

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ టోపీల వల్ల వచ్చింది.

చర్చికి వేసుకెళ్లే తెల్ల చొక్కాను శనివారం సాయంత్రమే ఉతికి, గంజి పెట్టి, దండెం మీద ఆరేశాను. మావారు ప్రాక్టీసు నుంచి వచ్చి, చీకట్లో చూసుకోకుండా, తడి టోపీలన్నీ అదే దండేనికి తగిలించారు. కొత్తవి, ముదురు నీలం రంగువి. తెల్లారి చూస్తే చొక్కా భుజాల మీద చెరో నీలం మరక, పోలీసు వాళ్ల బిళ్లల్లాగా.

"ఇదేంది?" అని చొక్కా తెచ్చి ఆయన ముందు పట్టుకున్నాను.

"రంగు దిగింది," అన్నారు టీ తాగుతూ.

"దిగిందని కనిపిస్తనే ఉంది. నా చొక్కా మీదికే ఎందుకు దిగిందని అడుగుతున్న."

"నీ చొక్కా కాదు, నా చొక్కా."

"వేసుకున్నప్పుడు మీది. ఉతికినంతసేపు నాది."

"అయితే దండెం ఎవరిది?"

"దండెం బట్టలది. ఆ టోపీలు కాలేజిలనే ఆరేయొచ్చు కద?"

"ఎవడన్న ఎత్తుకపోతడు."

"చెవులకు డొప్పలున్న టోపీలు ఎత్తుకపోయి ఏం చేసుకుంటడు?"

తొమ్మిదో తరగతి చదివే మా దీవెన జడ వేసుకుంటూనే తీర్పు చెప్పింది. "ఫౌల్ డాడీది. మమ్మీకి ఫ్రీ త్రో."

ఆయన లేత పసుపు చొక్కా వేసుకుని చర్చికి వచ్చారు. దారి పొడుగునా నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. అలక చొక్కా గురించి కాదని నాకు తెలుసు. గురువారం నుంచే ఆయన మనసు మనసులో లేదు.

వాటర్ పోలో అంటే మా వీధిలో ఇప్పటికీ చాలామందికి తెలియదు. నీళ్లలో ఆడే హ్యాండ్‌బాల్ అనుకోండి. జట్టుకు ఏడుగురు. కాలు అడుగుకు ఆనకూడదు. గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని రెండు చేతులతో పట్టకూడదు. మావారు షాలేమ్‌రాజు వైరాలో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్. ఈ ఆటలో ఆయన జట్టు కాలేజీల కప్పు నాలుగుసార్లు తెచ్చింది. పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడింది. ఖమ్మం బస్టాండులో ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా నమస్తే పెడతారు.

ఆయనకు ఈత రాదు.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. దీవెనకు కూడా చెప్పలేదు. ఆయన పుట్టింది ముదిగొండ దగ్గర పల్లెలో. అక్కడి మగపిల్లలంతా నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావుల్లో దూకుతుంటే, ఈయన గట్టు మీద కూర్చుని వాళ్ల బట్టలకు కాపలా కాసేవారు. మేనమామ ఒకాయన బావిలో పడి పోయాడని మా అత్తగారు కొడుకును నీళ్ల దగ్గరికి పోనివ్వలేదు. ఆ భయం ఆయన ఒంట్లో అలాగే ఉండిపోయింది.

ఈత రానివాడు ఈ ఆటకు కోచ్ ఎలా అయ్యాడంటే, అది ప్రిన్సిపాల్ గారి పుణ్యం. రెండువేల ఒకటిలో ఒక మీటింగులో, కాలేజీకి ఏదో ఒక కప్పు రావాలి, తక్కువ జట్లు వచ్చే ఆట ఏదో చూడమన్నారట. ఈయన చూశారు. వాటర్ పోలోకు మూడంటే మూడు కాలేజీలు వస్తున్నాయి. ఈయన చదువుకునే రోజుల్లో హ్యాండ్‌బాల్ ఆడినవారు.

"హ్యాండ్‌బాలే కద. నీళ్లల్ల ఆడుడు, అంతే," అన్నారు ఇంటికి వచ్చి.

"ఆ నీళ్లే కదండీ సంగతి," అన్నాను.

నేను బూర్గంపాడులో గోదావరి పక్కన పెరిగినదాన్ని. నడక ఎప్పుడొచ్చిందో గుర్తు లేనట్టే ఈత ఎప్పుడొచ్చిందో కూడా గుర్తు లేదు. పెళ్లయ్యాక మాత్రం నీళ్లంటే బిందెలో నీళ్లే. అందుకని రోజూ రాత్రి వంటింట్లో పీట వేసుకుని ఆయన అడిగేవారు, నేను చెప్పేదాన్ని. ఎత్తులు, అడ్డుకోవడాలు, ఎవరు ఎక్కడ నిలవాలో అన్నీ ఆయనవే. నీళ్ల సంగతి నాది.

"చెయ్యి పైకెత్తంగనే పిల్లగాడు మునుగుతుండు. ఏం చేయాలె?"

"కాళ్లతోటి నిలబడాలె. రెండు కాళ్ల కింద రెండు తిరగళ్లు ఉన్నయనుకోమనండి. ఒకటి ఇటు తిప్పాలె, ఒకటి అటు తిప్పాలె. తొందర పడొద్దు, ఆపొద్దు."

ఆయన పీట మీద కూర్చునే కాళ్లు తిప్పి చూసుకున్నారు. మజ్జిగ గిన్నె ఒలికింది. ఆ ఆటలో ఆ కాళ్ల విసురుకు ఇంగ్లీషు పేరేదో ఉందట గానీ, మా జట్టులో మాత్రం ఇప్పటికీ తిరగలే. మ్యాచ్‌లో గట్టు మీద నుంచి ఈయన "తిరగలి, తిరగలి" అని అరుస్తుంటే ఎదుటి జట్టు వాళ్లు అదేదో రహస్య సంకేతం అనుకుని కంగారు పడేవారట.

ఆ ఏడే వానాకాలం చివర్లో చర్ల అవతల ఒక పల్లెలో ఎన్.ఎస్.ఎస్. క్యాంపు పెట్టారు. అక్కడ వాగు దాటే పిల్లలను చూశారు ఈయన. బట్టల మూటను ఒక చేత్తో పైకెత్తి, నీళ్లు మెడ దాటినా మూట తడవకుండా అవతలి ఒడ్డుకు పోతున్నారు. గొడుగు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారట. ఆ పిల్లల్లో చిరంజీవి అనే అబ్బాయి ఇంటర్ పాసై, ఇంట్లో పోడు పనికి పోతున్నాడు. వాళ్లమ్మ కన్నమ్మ దగ్గరికి వెళ్లి అడిగారు.

"అమ్మా, మీవోణ్ణి మా కాలేజిల చేర్పించు. వాటర్ పోలో ఆడిపిస్త."

"మావోడు పెద్దోడైండు సారూ. పోలియో చుక్కలు చిన్నప్పుడే ఏసిండ్రు."

"పోలియో కాదమ్మా, పోలో."

"అవ్, అదే. రెండు చుక్కలేసిండ్రు. ఇంకా ఎందుకు?"

ఆమె కోయ భాషలో పక్కింటికి ఏదో కేక వేసింది. సాయంత్రానికి ముగ్గురు తల్లులు చంటిపిల్లలను ఎత్తుకుని క్యాంపు ముందు నిలబడ్డారు. ఇది చుక్కలు కాదని నమ్మించడానికి ఈయన సంచిలోంచి బంతి తీసి చూపించారు. ఇంత పెద్దదా అని ఒకామె బిడ్డను కొంగులో దాచుకుందట. చివరికి చిరంజీవే వాళ్లమ్మకు విడమరిచి చెప్పుకుని కాలేజీలో చేరాడు. వాడి వెనుక ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో వస్తూనే ఉన్నారు.

ఇరిగేషన్ వాళ్లను బతిమాలి వైరా రిజర్వాయరు కట్ట దగ్గర కొంచెం చోటు సంపాదించారు. ప్లాస్టిక్ డ్రమ్ములకు తాళ్లు కట్టి గోల్ తయారుచేశారు. మొదటి సంవత్సరం టోపీలు నేనే కుట్టాను, పాత లంగా గుడ్డలతో. చెవుల డొప్పలకు ప్లాస్టిక్ డబ్బాల మూతలు, కాల్చిన దబ్బనంతో బెజ్జాలు.

ఆ ఏడు ఓడిపోయి వచ్చారు. మా పిల్లలు అడుగు కనిపించని నీళ్లలో ఈదినవాళ్లు. పోటీలు జరిగిన హైదరాబాదు ఈతకొలనులో అడుగున పలకలు, నల్ల గీతలు స్పష్టంగా కనబడేసరికి మేడ మీద నుంచి వంగి చూసినట్టు కళ్లు తిరిగాయట.

"కిందికి చూడొద్దని చెప్పిన. ఇంకా ఎక్కువ చూసిండ్రు," అన్నారు ఆయన.

"చూడొద్దంటే చూస్తరు. ఎదుటివాని టోపీ మీద నంబరు చదవమనండి."

మరుసటి ఏడు కప్పు తెచ్చారు. కష్టం అక్కడే మొదలైంది. ఈ ఆటలో గెలిచిన జట్టు తమ కోచ్‌ను ఎత్తి నీళ్లలో పడేయడం ఒక ఆచారమట. ఆయనకు అది అప్పటిదాకా తెలియదు. పిల్లలు చేతులు చాచి రావడం చూసి పరుగు లంకించుకున్నారు. ఆ ఏడు చేతిలో సర్టిఫికెట్ల ఫైలు ఉందన్నారు. తర్వాత చెవి నొప్పి అన్నారు. ఆ పై ఏడు కొత్తగా కొన్న సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని ప్రిన్సిపాల్ గారితో మాట్లాడుతున్నట్టు గేటు దాకా పోయారు. అవతల ఎవరూ లేరు. కిందటేడు ఏ సాకూ చెప్పకుండా కొలను చుట్టూ పరుగెత్తారు, అంతే.

గురువారం యూనివర్సిటీ డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. ఈసారి యూనివర్సిటీ జట్టుకు కోచ్ మీరే, ఆలిండియా పోటీలకు మీరే తీసుకెళ్లాలన్నారు. ఈయన లేచి నిలబడి మరీ విన్నారు. వచ్చే నెల హైదరాబాదులో క్యాంపు. కోచ్ రోజూ పిల్లలతో పాటు నీళ్లలో దిగాలి, గట్టు మీద నిలబడే కోచ్‌లతో ఇన్నాళ్లూ నష్టపోయాం, సోమవారం లోపల సంగతి చెప్పండి అన్నారు. ఈయన మళ్లీ కూర్చున్నారు.

ప్రతి ఏడూ మా పిల్లలు ఒకరిద్దరు యూనివర్సిటీ జట్టుకు ఎంపికవుతారు. వేరే కోచ్ వెంట వాళ్లు రైలెక్కుతుంటే ఈయన ఖమ్మం స్టేషన్‌కు పోయి అరటిపండ్లు కొనిచ్చి వస్తారు. వచ్చాక ఆ రాత్రి గాలి బాగానే ఉన్న బంతులకు మళ్లీ గాలి కొడతారు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను.

"మోకాలు నొప్పని చెప్త," అన్నారు గురువారం రాత్రి.

"ఏ మోకాలు?"

"కుడిది."

శుక్రవారం ఎడమకాలు కుంటుతూ తిరిగారు. నేను సరిదిద్దలేదు.

ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి ఇద్దరు ఆటగాళ్లు వచ్చారు. హాస్టల్ పిల్లలు నెలకోసారి ఇలా వంతుల వారీగా మా ఇంట్లో తింటారు. ఈసారి కెప్టెన్ పోతయ్య, గోల్‌కీపర్ రూప్లా. పోతయ్య ఆ చిరంజీవి తమ్ముడే. యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యాడు. బొచ్చె చేపల పులుసు చేశాను. అందరం కింద చాప మీద కూర్చున్నాం. ప్రార్థన దీవెన చేసింది.

"ప్రభువా, ఈ భోజనాన్ని దీవించు. డాడీ మోకాలు త్వరగా బాగుచేయి. రెండు మోకాళ్లూ బాగుచేయి. ఆమెన్."

రెండూ అన్నప్పుడు ఆయన ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు.

పోతయ్య అన్నం కలుపుతూ కలుపుతూ ఆపాడు.

"సార్, మీరు క్యాంపుకు వస్తలేరంట కద. అయితే నేను గూడ పోను."

"నువ్వెందుకు పోవు? నీకేమన్న మోకాలు నొప్పా?"

"మీరు లేకపోతే గాడ నాకేం తోచది సార్. తిరగలి అంటే గాడ ఎవలకు తెలుస్తది?"

"పిచ్చి మాటలు మాట్లాడకు. మూడేండ్లు కష్టపడ్డవ్. గిట్ల వదులుకుంటవా?"

"మీరు వదులుకుంటలేరా సార్?"

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను పులుసు గరిట గిన్నెలో పెట్టేశాను. చెప్పమని గాని వద్దని గాని సైగ చేయలేదు. ఆయన ముద్దను పళ్లెంలో పెట్టి, పోతయ్య వైపు తిరిగారు.

"మోకాలికి ఏం కాలే. నాకు ఈత రాదు."

దీవెన నోరు తెరుచుకుని చూసింది. రూప్లా మాత్రం చేప ముల్లు తీసుకుంటూనే ఉన్నాడు.

"అవ్ సార్," అన్నాడు.

"అవ్ ఏందిరా?"

"తెల్సు సార్."

"ఏం తెల్సు?"

రూప్లా మోచేత్తో పోతయ్యను పొడిచాడు. పోతయ్య పళ్లెం వైపే చూస్తూ చెప్పాడు.

"మా అన్న చెప్పిండు సార్. కప్పు గెలిస్తే సార్ వెంట ఉరకాలె గని అందుకోవద్దని. జట్టుల చేరినోళ్లకు అందరికీ చెప్తం సార్, మొదటి రోజే."

"అందరికా?"

"అందరికి. పోయినేడు ఈ రూప్లాగాడు సోయి లేక జోరుగ ఉరికి మిమ్మల్ని దాటిపోయిండు. ఆనాడు హాస్టల్ల వీణ్ణి మస్తు తిట్టినం."

"చెప్పు జారింది సార్, గందుకే ఆగలేకపోయిన," అన్నాడు రూప్లా.

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పినవా?"

"నేనెవరికీ చెప్పలే."

"మేడమ్ చెప్పలే సార్," అన్నాడు పోతయ్య. "బంతి ఒడ్డు పక్కన నీళ్లల్ల పడితె మీరు కర్ర పెట్టి గుంజుతరు. చెయ్యి పెట్టరు. మా అన్న మొదటి వారంలనే కనిపెట్టిండంట."

"అంటే నాలుగేండ్లు నేను ఉరికిందంతా..."

"మంచిగనే ఉరికిండ్రు సార్."

దీవెనకు నవ్వు ఆగక పొలమారింది. నీళ్ల గ్లాసు దాని ముందు పెట్టాను. ఆయనకు నవ్వు రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లుగా పిల్లలు తన పరువును తన కంటే జాగ్రత్తగా చూసుకున్నారని తెలిస్తే సంతోషం కలగాలి గానీ, ముందు రోషమే వస్తుందేమో. లేచి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. పక్కన పెట్టిన ముద్ద తీసుకుని తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు.

"పోతయ్యా."

"సార్."

"క్యాంపుకు నేను వస్తున్న. నువ్వు వస్తున్నవ్. రేపు డైరెక్టర్ సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్త. ఈత రాదు, నేర్చుకుంటున్న అని. వద్దంటె వద్దనని. మోకాలు సాకు మాత్రం చెప్ప."

"ఎవరి దగ్గర నేర్చుకుంటరు సార్?" అని అడుగుతూనే పోతయ్య సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

"నీ దగ్గరైతే కాదు. నాతోటి తిన్న తిట్లన్నిటికీ లెక్క తీరుస్తవ్." గిన్నెలోంచి గరిట తీసుకుని తనే పులుసు వడ్డించుకున్నారు. "మీ మేడమ్ నేర్పుతది."

అందరూ నా వైపు తిరిగారు. నన్ను ఎవరూ అడగలేదు. నీళ్లలో దిగి పదహారేళ్లు దాటింది. కట్ట మీద నలుగురూ చూస్తే ఏమంటారు, ఏం కట్టుకుని దిగాలి, ఈయన బరువుకు నా చేతులు ఆగుతాయా అని ఒక్కసారే చాలా ఆలోచనలు వచ్చాయి. వాటన్నిటికీ అడుగున, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, సంతోషం ఉంది.

"సాయంత్రం ప్రాక్టీసు అయినంక మొదలుపెడదాం," అన్నారు ఆయన. "ఒక పది రోజులు పోయినంక."

"సాయంత్రం గాలికి నీళ్లు కదులుతుంటయి. కొత్తవాళ్లకు పనికిరాదు," అన్నాను. "పొద్దున పోదాం, ఎండ రాకముందు. మీ పిల్లలెవరూ కట్ట మీదికి రావొద్దు. పది రోజుల తర్వాత కాదు, రేపే."

"రేపేనా?"

"రేపే," అని ఆయన పళ్లెంలో ఇంకో చేప ముక్క వేశాను.