అలల బండ

1955 ఫిబ్రవరి ఎనిమిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం పెద్ద ఈరన్న తిన్నది జొన్నరొట్టె, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. ఆ రొట్టె సగంలోనే వదిలేయడం ఆయనకు చివరిదాకా గుర్తుండిపోయింది.

కడప బండ పరవని ఇల్లు మన సీమలో అరుదు. ఆ రాయి ఎలా పుట్టిందో మనలో ఎంతమంది ఆలోచించాం? ఎర్రగుంట్ల దగ్గరి గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఈరన్నా ఆలోచించలేదు. సమ్మెటతో తట్టి, చప్పుడును బట్టి పొర మందం చెప్పగలడు. ఆయన ఇనప చీలలు దింపితే బండ అప్పడంలా లేచేది. అంతటివాడు గనిగట్టున కూర్చుని, ఎదుటి చేను వైపే చూస్తున్నాడు. ఆ చేను మాబు సాహెబుది. అక్కడ ఒక బండ పక్కన మాబును నిలబెట్టి, భూగర్భ పరిశోధకుడు దావీదురాజు ఫోటో తీస్తున్నాడు.

నీళ్లు తీసిన ఏటి ఇసుక మీద ఉన్నట్టు ఆ బండ నిండా అలల గీతలు. గచ్చుకు పనికిరాదని దాన్నెవరూ ముట్టలేదు. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రముండేదనీ, దాని అడుగు బురద పొరలుగా పేరుకుని రాయి అయిందనీ, ఒకనాటి అలల జాడ ఇలా నిలిచిపోయిందనీ దావీదురాజు మాబుకు చెప్పడం గట్టు మీదికీ వినిపించింది. దీన్ని కాపాడమని పై అధికారులకు రాస్తానన్నాడు.

ఈరన్న మిగిలిన రొట్టెను మూట కట్టేశాడు. పదేళ్ల కిందట మాబు చేలో మన్ను తీస్తూ ఆ బండను మొదట చూసింది తను. రాతి గుణం తెలిసింది తనకు. ఫోటో మాత్రం మడక దున్నేవాడికి.

సాయంత్రం మాబు ఎదురుపడ్డాడు.

"ఏం సాయిబూ, ఫోటో దిగినంక మేం కనపడతాండామా నీకు?"

మాబు నవ్వాడు. "శుక్రారం ఆ సారు మళ్లీ వస్తాడప్పా. నువ్వూ రావల్ల. నీతో పని ఉండాది."

కూలిపనికి పిలుస్తున్నాడనుకున్నాడు ఈరన్న. అసూయ పట్టినవాడికి మంచిమాటా ఎత్తిపొడుపుగానే వినిపిస్తుంది.

శుక్రవారం మాబు జుమ్మా నమాజుకు వెళ్లిన వేళ ఈరన్న ఆ చేలోకి దిగాడు. బండ అంచున నీళ్లు చల్లాడు. తడి ఆరనిచోట పొర సందు దొరికింది. ఏడు చీలలు దింపాడు. సగం అలలు పెళ్లలుగా లేచి ముక్కలయ్యాయి. ఎనిమిదోది పెట్టబోతుంటే జీపు చప్పుడైంది. చీలలు ఏరుకుని గనిలోకి జారుకున్నాడు.

కాసేపటికి, నమాజు నుంచి వచ్చిన మాబు కబురంపాడు. వెళ్లక తప్పలేదు.

"మీరేనా ఈరన్నగారు?" అన్నాడు దావీదురాజు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. "ఈ బండను మొదట చూసింది మీరేనని మాబు సాహెబు మొన్ననే చెప్పాడు. మీ పేరు రాసుకున్నా. ఈరోజు మీ ఫోటో తీయాలని వచ్చాను."

మాబు చీలల గుర్తుల వైపు చూశాడు. తర్వాత ఈరన్న వైపు. "ఎండకు పగిలిందేమో సార్" అన్నాడు.

దావీదురాజుకు ఆ గుర్తులు తెలియక కాదు. అయినా ఎవరినీ అడగలేదు. ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "ఇల్లు కూలితే మళ్లీ కట్టుకుంటాం. ఈ రాయి మళ్లీ కావాలంటే ఆ సముద్రమే తిరిగి రావాలి. ఇది ఒకరి సొత్తు కాదు. ఇంకా పుట్టనివాళ్లకూ ఇందులో వాటా ఉంది."

ఆ రాత్రి ఈరన్న మాబు గడప ముందు నిలబడ్డాడు.

"నేనే సాయిబూ."

"తెల్సు. అంత సూటిగా చీలలు దింపేటోడు ఈడ ఇంగెవురుండారు?"

ఈరన్న తల ఎత్తలేకపోయాడు. "మిగిలిన సగానికి చుట్టూ బండలు నాటుతా. ఎవుర్నీ ముట్టనీను. నిన్ను తక్కువ చేయాలని పోయి, అందరిదీ పగలగొడితి."

"నాటుదాం. నేనూ వస్తా. పోయిన సగం మాత్రం ఇద్దరం కలిసినా తేలేం" అన్నాడు మాబు.

మాబు భార్య జానమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఈరన్న నిలబడే తాగి, చెంబు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు సందు మలుపు దాటేదాకా మాబు ఆగి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.