ఏడో బావి

రేఖ చేసే పని ఏమిటో ఇరుగుపొరుగుకు చెప్పడం కష్టమే. తానెప్పుడూ చూడని గుజరాత్ చమురు క్షేత్రంలో, నేల కింద, బొగ్గుపులుసు వాయువు ఎటు పోతుందో కామారెడ్డిలో కూర్చుని కంప్యూటర్లో లెక్కగట్టడం. వాయువును పాత బావుల్లోకి దింపితే రాళ్ల సందుల్లో మిగిలిన చమురు పైకి వస్తుంది. వాయువు మాత్రం కిందే ఉండిపోవాలి. ఉంటుందా, ఉండదా అన్నదే ఆమె తేల్చవలసిన సంగతి.

ఈ పని నేర్పింది ప్రవీణ్. తాడ్వాయి మనిషి. స్టేషన్ రోడ్డులో, మెట్ల పైన అతని చిన్న ఆఫీసు. ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి వచ్చిన రేఖను మొదటి రోజే "చెల్లె" అన్నాడు. తండాకు వచ్చి, ఆమె తల్లి హంస్లి చేసిన రొట్టె తిని, "ఇక నుంచి నీకు ఇద్దరు పిల్లలు, అవ్వా" అని నవ్వించిపోయాడు.

ఆ క్షేత్రానికి రేఖ కంప్యూటర్లో కట్టిన మోడల్లో ఏడో బావి ఒక్కటే సతాయించేది. దాని చుట్టూ పోసిన సిమెంటు పగుళ్లిచ్చింది. దాన్ని తెరిచి నడిపితే లెక్క ఎంతకూ తెమలదు. అందుకని ప్రవీణ్ నేర్పిన పద్ధతిలోనే రేఖ ముందు దాన్ని మూసి, మిగతావన్నీ సరిచూసుకుంది. చివర్లో తెరిచి నడిపింది. తెర మీద వాయువు ఆ పగుళ్ల వెంట పాకి, బావుల పక్కనున్న ఊరి బోర్లకు నీళ్లిచ్చే పొరలో కలిసింది. ఆ ఊరి బయటే గుడిసెలు వేసుకుని, ఆమె తండ్రి రూప్లా పైపులైను పని చేస్తున్నాడు. తాగేది ఆ బోరు నీళ్లే.

"మంచిగ పట్టినవ్ చెల్లె. కంపెనీకి నేను చెప్త," అన్నాడు ప్రవీణ్.

మీటింగు రోజు కంపెనీ అధికారి వందన హైదరాబాదు నుంచి తెర మీదికి వచ్చింది. ప్రవీణ్ మోడల్ నడిపించాడు. వాయువు ఎర్రటి మబ్బులా లేచి, గట్టి రాతి పొర కింద బుద్ధిగా ఆగిపోయింది. రేఖ ఏడో బావి కోసం చూసింది. అది మూసే ఉంది.

"మా రేఖ కట్టిన మోడలే మేడం," అన్నాడు.

"అవునా రేఖా?"

అవును. ఆమె కట్టిందే. ఒక్క అబద్ధమూ ఆడకుండా ఆమెను ఇరికించాడు.

"నాదే మేడం. కానీ సగం పనిది. ఏడో బావి తెరిస్తే గ్యాస్ నీళ్లల్లకు వస్తది. అన్నకు చూపించిన."

ప్రవీణ్ మైకు ఆపేశాడు. "ఏందే గిది? ఈ పని పోతే ఆఫీసుకు తాళమే. సిమెంటు సంగతి కంపెనీ వాళ్లు తర్వాత జూసుకుంటరు."

"మనం చెప్పకుంటే ఎట్ల జూసుకుంటరు? మా బాపు ఆడనే ఉన్నడని నీకు ఎర్కలేదా అన్నా?"

"ఎర్కనే," అన్నాడు.

రేఖ చెయ్యి చాచి మైకు తెరిచింది. పూర్తి మోడల్ వెంటనే పంపమంది వందన. ఫైలు తెరవబోతే పాస్‌వర్డ్ పనిచేయలేదు.

"పొద్దున మార్చిన," అన్నాడు ప్రవీణ్, కిటికీ వైపు చూస్తూ.

"ఫైలు నా చేతిల లేదు మేడం. ఏడో బావి సిమెంటు రిపోర్టు మీ దగ్గరనే ఉంటది. అది చూసేదాక గ్యాస్ దింపకుండ్రి."

"ఆపిస్తాను," అంది వందన.

రేపటి నుంచి రావద్దని ప్రవీణ్ అనేసరికి రేఖ సంచి భుజాన వేసుకుని ఉంది. ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఉద్యోగం పోయిన దిగులు ఇంకా తట్టలేదు. "ఎర్కనే" అనడానికి అతను ఒక్క క్షణమైనా తడుముకోలేదు. టికెట్ అడుగుతున్న కండక్టర్ మాట ఆమెకు మూడోసారి గానీ వినపడలేదు.