సీటు నా ఎత్తుకి

ఫోను మోగేసరికి ప్రణతి పెరటి అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. హాల్లో వాలుకుర్చీ పక్కనుండే ఆ ఫోను ఎత్తే హక్కు మావయ్యగారు పల్లంరాజు గారిదే. ఆయన ఇంట్లో లేకపోతే అది మోగి మోగి ఊరుకుంటుంది. "ఆయ్, చెప్పండి... ఆయ్... ఉందండి, పిలుస్తాను" అని ఆయన గొంతు వినపడింది. తర్వాత, "అమ్మాయ్, నీకే. స్కూలు నుంచంట" అన్నారు.

చేతులు కడుక్కునే ఓపిక ఎక్కడిది. పరిగెత్తుకెళ్ళి రెండు మణికట్ల మధ్య రిసీవరు ఇరికించుకుని వింది. సైన్సు టీచరుగా తీసుకున్నామనీ, సోమవారం ప్రార్థన వేళకి వచ్చెయ్యాలనీ, ఎనిమిది తొమ్మిది తరగతులు ఆమెవేననీ హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పారు. ప్రణతి అన్నిటికీ "అలాగేనండి" అంది. అవతల ఫోను పెట్టేశాక కూడా ఒకసారి "అలాగేనండి" అంది.

"అత్తయ్యగారూ, ఉద్యోగం వచ్చింది" అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

అత్తగారు పెద్దింట్లమ్మ గారు కత్తిపీట ముందు నుంచి తలెత్తి, "మంచిదమ్మా. ముందా రొయ్యల మీద మూతెయ్యి, పిల్లి చూస్తోంది" అన్నారు.

మూతేసింది. ఆ పూట రొయ్యల ఇగురులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ ఏమనలేదు గానీ, మావయ్యగారు రెండుసార్లు మజ్జిగ అడిగారు.

దరఖాస్తు పెడతానన్నప్పుడు ఈ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "రాసుకోనీరా, పొద్దుపోతుంది" అని మావయ్యగారు కొడుకుతో అన్నమాట గోడవతల నుంచి విన్నది. ఉద్యోగం వస్తుందని వాళ్ళనుకోలేదు. ఇప్పుడు వచ్చింది. స్కూలు పక్క ఊళ్ళో, కాలవ గట్టెంట వెళ్తే, నీళ్ళాపే లాకులు దాటగానే. గట్టు మీద బస్సు తిరగదు. ఇంట్లో కారుంది. పెళ్ళి కుదిరినప్పుడు రాజమండ్రిలో అమ్మ కూడా ఇదే మాట అంది, "అక్కడ కారుందే, నీకీ సైకిలెందుకూ" అని. ఇంటరు నుంచి బీఈడీ దాకా ప్రణతిని మోసిన ఆ సైకిల్ని అదే వారం పిన్ని కూతురికి ఇచ్చేసింది. కారున్నమాట నిజమే. దానికి పనులున్నమాట మాత్రం ఎవరూ చెప్పలేదు. భీమవరం నుంచి మేత బస్తాలు తెస్తుంది, ఐసు తెస్తుంది, రొయ్యల చెరువు గట్ల మీద రోజంతా తిరుగుతుంది. మేత వాసన పోవడానికి అగరొత్తులు వెలిగించి, వెనక అద్దాలకి పరదాలు కట్టాకే ఆడవాళ్ళు ఎక్కుతారు. ఘోషా ఎప్పుడో పోయిందంటారు గానీ ఆ పరదాల రింగులు మాత్రం కొత్తగా ఉన్నాయి.

ఇక శ్రీకాంత్ ఉన్నాడు. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు, అతను గుమ్మంలోకి వస్తే ఇప్పటికీ ప్రణతికి చేతిలో పని మర్చిపోవాలనిపిస్తుంది. బంగారంలాంటి మనిషి. కానీ అతని "పది నిమిషాల్లో వచ్చేస్తా" అన్నమాటని నమ్ముకుని ఆమె ఇంటర్వెల్ తర్వాతి సగం సినిమాలు చూసింది, ముహూర్తం దాటాక పెళ్ళిళ్ళకి వెళ్ళింది, పట్టుచీర కట్టుకుని ఈ హాల్లో కూర్చుని గోడ గడియారంతో స్నేహం చేసింది. అతని తప్పు కాదు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఆగితే రొయ్యలు తేలిపోతాయి. భార్య అయితే ఎంతసేపు ఆగినా తేలదు కదా. స్కూల్లో ప్రార్థన మాత్రం ఎవరి కోసం ఆగుతుంది? మొదటి వారమే మూడు రోజులు ఆలస్యంగా వెళ్తే, వచ్చే నెల ఆ క్లాసులు ఇంకెవరివో అవుతాయి.

రాత్రి అన్నాల దగ్గర వడ్డిస్తూ అడిగేసింది. "నాకో లేడీస్ సైకిలు కావాలి మావయ్యగారూ."

ఎంత సిద్ధపడిందో. వాదనలన్నీ మధ్యాహ్నం గిన్నెలు తోముతూ వరసగా పేర్చుకుంది. ఒక్కటీ అవసరం రాలేదు. మావయ్యగారు ముద్ద మింగి, "కొందాం, దాన్దేముందమ్మా" అన్నారు. శ్రీకాంత్ మొహం వెలిగిపోయింది. "మంచి ఐడియా. గట్టు మీద కారు కంటే సైకిలే నయం" అన్నాడు. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియక అందరికీ అడక్కుండానే పెరుగు వేసేసింది.

ఒక్క మాట మాత్రం మావయ్యగారు అన్నారు. "షాపుకి నువ్వెళ్ళొద్దమ్మా. మన ఇళ్ళల్లో అలవాటు లేదు. తాతాజీని ఇంటికే రమ్మంటాను."

ఈ ఇంటి పద్ధతే అంత. ఆడవాళ్ళు బజారుకి వెళ్ళరు, బజారే ఇంటికొస్తుంది. చీరల మూటలొస్తాయి, గాజుల మలారాలొస్తాయి, కంసాలి పెట్టె పట్టుకుని వస్తాడు. రానివన్నీ మగవాళ్ళు తెస్తారు. పిన్నీసులు అడిగితే హెయిర్ పిన్నులు, ఆకుపచ్చ జాకెట్టు గుడ్డంటే చిలకపచ్చ. ఏం తెచ్చినా "బావుందండీ" అనాలి. పెద్దింట్లమ్మ గారు ముప్ఫయ్యేళ్ళుగా అలా అంటూనే ఉన్నారు.

శనివారం మధ్యాహ్నం తాతాజీ వచ్చాడు. ఊరి సెంటర్లో సైకిలు షాపు అతనిది. మెరూన్ రంగు లేడీస్ సైకిల్ని వాకిట్లో స్టాండు వేసి, మిగతా సరుకుని గోనెసంచుల్లో లోపలికి పట్టుకొచ్చాడు. ఏ ఇంట్లో ఎలా అమ్మాలో తెలిసినవాడు. హాల్లో తెల్ల దుప్పటి పరిచి, ఆ దుప్పటి మీద బెల్లులు, బుట్టలు, సీటు కవర్లు, హ్యాండిలు పిడులు, తాళాలు, డైనమో దీపాలు ఒక్కొక్కటే తీసి, పట్టుచీర మడత విప్పినంత సుతారంగా పెట్టాడు.

"ఇది చూడండమ్మగారూ, కొత్తగా వచ్చింది" అని ఒక సీటు కవరు అత్తగారి ముందు పరిచాడు.

పెద్దింట్లమ్మ గారు సైకిలు పక్కన కూడా ఎప్పుడూ నిలబడలేదు. కానీ పరిచిన దుప్పటి ముందు ఆమెని మించినవాళ్ళు లేరు. కవరు అంచు వేళ్ళతో నలిపి, కుట్టు తిరగేసి చూసి, "కుట్టు పలచగా ఉంది. లోపల ఇంకోటుండాలే, తియ్యి" అన్నారు. తాతాజీ నవ్వుతూ తీశాడు. ప్రణతి ఆవిడ పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బాబోయ్, ఎంత బావుందో. నికెలు పూత బుట్టలో మొహం సాగి కనపడుతోంది. డైనమో చక్రాన్ని వేలితో తిప్పితే చిన్న బల్బు మినుక్కుమంటోంది. పెళ్ళికి నగలు ఎంచుకున్నప్పుడు కూడా గుండె ఇలా కొట్టుకోలేదు.

శ్రీకాంత్ చెరువు నుంచి అప్పుడే వచ్చి, లుంగీ పైకి కట్టుకుని దుప్పటి ముందు కూలబడ్డాడు. ఏరి ఏరి ఒక లావుపాటి కుషను తీశాడు. ఎర్ర రెక్సిను, చుట్టూ తెల్ల పైపింగు. వెనక క్యారియరు మీద బిగించేది. దాంతోపాటు కాళ్ళు పెట్టుకునే ఇనప మెట్లు.

"ఇది మాత్రం ఉండాల్సిందే" అన్నాడు. "చూడు ప్రణతీ, ఎంత మెత్తగా ఉందో. గట్టు మీద గోతులున్నా నీకు తెలియదు."

"నాకా?"

"మరి నువ్వే కదా కూర్చునేది. పొద్దున్నే నేను తొక్కుకుంటూ తీసుకెళ్ళి దింపేస్తా. ఇద్దరం కాలవ గాలి పీల్చుకుంటూ..."

"బెల్లు గట్టిదివ్వవోయ్ తాతాజీ" అన్నారు మావయ్యగారు కుర్చీలోంచి. "వీడు అమ్మాయిని ఎక్కించుకుని తొక్కుతుంటే గేదెలు తప్పుకోవాలి."

ప్రణతి వాకిట్లోకి చూసింది. సైకిలు సీటు పైకంటా లాగి ఉంది. శ్రీకాంత్ ఎత్తుకి. అప్పుడర్థమైంది, మొన్న రాత్రి అందరూ అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో. ఎవరూ ఆమెని మోసం చెయ్యలేదు. లేడీస్ సైకిలంటే వెనక లేడీ కూర్చునేదని వాళ్ళు మనస్ఫూర్తిగా అనుకున్నారు, అంతే. ఆమె తొక్కుతుందన్న ఊహ వాళ్ళకి రాలేదు. ఈ ఇంట్లో ఆడదాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరుస్తారు. బండిలో, కారులో, ఇప్పుడు ఎర్ర కుషను మీద. ఎంత ప్రేమగా ఎంచాడో ఆ కుషను. పైపింగు దగ్గర వేలు పెట్టి నొక్కి మరీ చూశాడు. ఆ ప్రేమ చూసి ఊరుకుంటే, ఎల్లుండి నుంచి చీర కట్టుకుని, పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఆ గడియారం ముందు కూర్చోవాలి. కోపం రాలేదు, చిత్రంగా నవ్వొచ్చింది. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద ఎదురుగాలికి తొక్కిన కాళ్ళివి. అవి ఇంకా తన దగ్గరే ఉన్నాయి, వాటిని పిన్ని కూతురికి ఇవ్వలేదు.

లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"తాతాజీ గారూ, పానా తెచ్చారా?"

"ఆయ్, ఉందండి."

"సీటు దించాలి."

"ఎంతకి దించమంటారు? చిన్నరాజుగారి కాళ్ళు పొడుగు కదండి."

"నా ఎత్తుకి."

ప్రణతి వాకిట్లోకి దిగి సైకిలు పక్కన నిలబడింది. సీటు తుంటి ఎముక దగ్గరికి రావాలి. నిలబడే చూపించింది. తాతాజీ నట్టు వదులు చేసి కిందకి నొక్కాడు. "ఇంకొంచెం" అంది. నొక్కాడు. "చాలు, బిగించండి." "వెనక చక్రానికి వల కట్టండి, చీర పడకుండా. గొలుసుకి పూర్తిగా మూసేసే కవరు కావాలి, సగం కవరు వద్దు. బుట్ట ఆ పెద్దది. అన్నం క్యారేజీ, పుస్తకాలు పట్టాలి."

"నువ్వు తొక్కుతావా?" అన్నాడు శ్రీకాంత్. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

"ఏరేటరు ఆగితే మీరు చెరువు దగ్గరుండాలి. బెల్లు కొడితే నేను స్కూల్లో ఉండాలి. మీరొక్కరే ఒకేసారి రెండుచోట్ల ఎలా ఉంటారండీ?"

అతను చేతిలో కుషను వంక ఒకసారి, వాకిట్లో దిగిన సీటు వంక ఒకసారి చూశాడు.

మావయ్యగారు కుర్చీలోంచి ముందుకి వంగారు. "అది కాదమ్మా. గట్టు మీద వచ్చేపోయే వాళ్ళుంటారు. రాజుగారి కోడలు సైకిలు తొక్కుతోందని అందరూ చూస్తారు."

అంతవరకు పెద్దింట్లమ్మ గారు బెల్లులు పరీక్షిస్తున్నారు. ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టుకుని కొట్టి, పక్కన పెట్టి, మళ్ళీ కొట్టి. నాలుగోది కొట్టినప్పుడు హాలంతా ఖంగుమంది. "ఇదివ్వవోయ్" అని తాతాజీ చేతిలో పెట్టి, భర్త వైపు తిరిగారు.

"చూడమనే కదండీ బెల్లు కొట్టేది."

పల్లంరాజు గారు భార్య మొహం చూసి, చుట్ట కోసం జేబు తడుముకున్నారు.

తాతాజీ బిగించేవన్నీ బిగించేసరికి ఎండ చల్లబడింది. ప్రణతి పమిట దోపుకుని, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకుని, సైకిలెక్కింది. గేటు దగ్గర హ్యాండిలు ఒకసారి అటూ ఇటూ ఊగింది. "పట్టుకోనా?" అని శ్రీకాంత్ పరిగెత్తాడు. "వద్దు" అంది. రెండో తొక్కుకి చక్రం మాట విన్నది. మూడో తొక్కుకి వీధి కదిలింది. అరుగుల మీది వాళ్ళు మాటలాపారు. బెల్లు కొట్టింది. అవసరమేం లేదు, అడ్డం ఎవరూ లేరు. ఊరికే, అత్తగారు ఎంచిన చప్పుడు ఊరు వినాలని. ఎన్ని నెలల తర్వాతో, తను ఎటు తిరిగితే అటే వెళ్తోంది. వీధి చివర రావిపాడు రోడ్డు దాకా వెళ్ళి, అక్కడ ఒంటికాలు నేలకి ఆనించి చూసుకుంది. కాలు సరిగ్గా ఆనింది.

తిరిగొచ్చేసరికి అందరూ వాకిట్లోనే ఉన్నారు. శ్రీకాంత్ మొహంలో అలక వెతికింది. దొరకలేదు. "బ్రేకు వెయ్యడం నాకంటే బాగా వచ్చు నీకు" అన్నాడు. కుషను ఇంకా అతని చేతిలోనే ఉంది. "దీన్నేం చెయ్యమంటావ్? తాతాజీకి ఇచ్చెయ్యనా?"

పెద్దింట్లమ్మ గారు దగ్గరికొచ్చి ఆ కుషను మీద అరచేయి పెట్టి నొక్కారు. చీర అంచు చూసినట్టే కుట్టు చూశారు. తర్వాత, ఎవరితోనూ కానట్టుగా అన్నారు. "లాకుల దగ్గర నీళ్ళు దూకుతాయంట కదమ్మా. కాపరానికి వచ్చినప్పటి నుంచి ఆ దారినే వెళ్తున్నాను. చప్పుడు వినడమే, పరదాలోంచి ఏం కనపడుతుంది?"

ప్రణతి కుషను భర్త చేతిలోంచి తీసుకుని తాతాజీకి ఇచ్చింది. "వెనక క్యారియరుకి గట్టిగా బిగించండి. ఆ మెట్లు కూడా."

"ఎవరికమ్మా?" అన్నారు మావయ్యగారు.

ప్రణతి అత్తగారి వైపు చూసింది. ఆవిడ అప్పుడే కాళ్ళు ఎటు వేసి కూర్చోవాలో ఆ మెట్ల వంక చూసి లెక్కేసుకుంటున్నారు.

"రేపు పొద్దున్న నేనూ అత్తయ్యగారూ లాకుల దాకా వెళ్ళొస్తాం మావయ్యగారూ" అంది. "ఇడ్లీ పిండి రుబ్బి ఉంచుతాను. ప్లేట్లలో వేసుకోవడం మీరూ మీ అబ్బాయీ చూసుకోండి."