పన్నెండు అడ్డకాలవలు

నరికిన దుంగల్ని ట్రాక్టరుతో కొండ మీంచి ఈడ్చుకొచ్చేది నేను. ఈడ్చిన చోటల్లా గడ్డి చచ్చి, మట్టి తేలి, దారి పడుతుంది. వానొస్తే నీళ్ళు ఆ దారి పట్టుకుని మట్టితో సహా కింది వాగులోకి దిగుతాయి. అందుకే పని అయిపోయాక దారికి అడ్డంగా, ఏటవాలుగా కాలవలు కోయాలి. అప్పుడు నీళ్ళు పక్కనున్న గడ్డిలోకి మళ్ళిపోతాయి. నన్ను పన్నెండు కోయమన్నారు. మూడు కోశాను. ఇంటికెళ్ళే తొందర, అంతే.

ఆ మూడూ కొండ కింది గేటు దగ్గరికి కనిపించేవే. ఆపాటి తెలివి ఏడ్చింది నాకు.

తనిఖీకి వచ్చింది మా బావే, అక్క మొగుడు. మోకాళ్ళు అరిగిన మనిషి, గేటు దగ్గరే దుంగ మీద కూలబడ్డాడు.

"పన్నెండూ కోశావా? నీకు చిన్నప్పట్నుంచీ లెక్కలు రావుగా!"

"కోశాను బావా. కావాలంటే ఎక్కి చూసుకో."

"నీ మాట నమ్మలేదంటే మీ అక్క నాకు అన్నం పెట్టదురా," అని నవ్వి సంతకం పెట్టేశాడు.

నాలుగు రోజులు వాన. వాగు ఎర్రబడింది. ఊరి కుళాయిలన్నిటికీ ఆ వాగు నీళ్ళే. బావని ఆఫీసుకి పిలిపించారు. "ఎక్కి చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాదే" అన్నాడట. ఉద్యోగంలోంచి ఆపేశారు. నా పేరు రాలేదని తెలిసి ముందు హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో గిన్నెల నిండా నీళ్ళు పట్టి, మట్టి పేరుకోడానికి వదిలేశారు. అక్క ఒక గిన్నెలోంచి పైపైన ముంచి గ్లాసు నా చేతికిచ్చింది.

"తాగరా, ఇవి మాత్రమే తేటపడ్డాయి. నువ్వు అన్ని కాలవలు కోసినా ఇంత మట్టి కొట్టుకొచ్చిందంటే, ఎంత వానో చూడు!"

గ్లాసు పెదాల దాకా ఎత్తి దించేశాను. బావ నా వంక చూడకుండా మోకాలికి మందు రాసుకుంటున్నాడు.

"మూడే కోశాను బావా."

"తెలుసు. మొన్న వానలో ఎక్కి చూశాను."

ఆ మోకాళ్ళతో!

"మరి ఆఫీసులో చెప్పలేదేం?"

"సంతకం నాది కదరా."

"రేపు నేనే వెళ్ళి చెప్తాను."

"చెప్పు. కానీ ముందు ఆ తొమ్మిదీ కొయ్యి. మళ్ళీ మబ్బేసింది."

అక్క తిట్టినా బాగుండేది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, తొణక్కుండా పట్టుకెళ్ళి బావ ముందు పెట్టింది.