ఇంటికెళ్ళే కాయితం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నానమ్మ, అమ్మ, మా మేనత్త త్షావుంగా, ఆరేళ్ళ చెల్లి ముఫున్వా, నేను. మంచం కింద పొదుగుతున్న కోడిని కూడా కలిపితే ఆరుగురం. నాన్న పోయి నాలుగేళ్ళయింది. అయినా ఇంట్లో ఎవరెవరున్నారో రాయబోతే, చెయ్యి ముందు ఆయన పేరు దగ్గర కాసేపు ఆగుతుంది.

అత్త క్లినిక్కులో బీపీ మాత్రలు తీసుకుని అటునుంచి అటే మా ఇంటికి వచ్చింది. ఆమె గడపలో కనిపించగానే అమ్మ నేల మీద ఓ పక్కకు ఒరిగి, రెండు అరచేతులూ కలిపి, తల వంచి "ఆఁ" అంది. నేనూ అలాగే దండం పెట్టాను. అత్త నాన్నకు అక్క. మా వెండా వాళ్ళలో ఇంటి ఆడపడుచు సరే అనకుండా పెళ్ళి జరగదు, బిడ్డకు పేరు పెట్టరు. నాన్న పోయాక మేం ఈ ఇంట్లో ఉంటున్నామన్నా, ఆవిడ ఉండమన్నందుకే.

మేం విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాం. అత్త మా మధ్యే కూర్చుని ముక్కుపొడుం డబ్బా తీసింది.

"ఏమే లివువానీ, నీ కూతురికి నోరుందా, లేక పెట్టడం మర్చిపోయావా? నేనొచ్చి ఇంతసేపయింది, ఒక్క ముక్క మాట్లాడలేదు."

"దానికి సిగ్గు వదినా," అంది అమ్మ.

"సిగ్గుపడే పిల్ల ఇంగ్లీషు ఎట్లా చదువుతుందే? సిగ్గుతోనే చదువుతుందా?" అని తన మాటకు తనే నవ్వి, జాకెట్టులో దోపుకున్న కవరు తీసి అమ్మ ముందు పడేసింది. "రోడ్డు మీద కొట్లో ఇచ్చారు. నీ పేరే ఉంది. నీ ఆయా ఉద్యోగం సంగతేమో చూడు."

కవరు మూలన ముద్ర చూడగానే నా చేతిలో కాయ నలిగిపోయింది. అది తొహోయాండు పట్నంలో ఉన్న ఉచిత న్యాయ సలహా ఆఫీసు ముద్ర. ఆ కవరు కోసం అమ్మా నేనూ ఏడు నెలలుగా ఎదురుచూస్తున్నాం.

ఎందుకంటే, అమ్మ మూడేళ్ళుగా మా ఊరి పసిపిల్లల బడిలో ఆయాగా పనిచేస్తోంది. పిల్లల ముక్కులు తుడుస్తుంది, గంజి తాగిస్తుంది, నిద్రపుచ్చుతుంది. ఈ ఏడు కొత్త నియమం వచ్చింది. చిన్నపిల్లలను చూసుకునేవాళ్ళందరికీ పోలీసు రికార్డు శుభ్రంగా ఉండాలి. బడి నడిపే టీచరమ్మ ఈ నెలాఖరు దాకా గడువిచ్చింది. అప్పటికి కాయితం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటుంది.

అమ్మ రికార్డు శుభ్రంగా లేదు. ఆ సంగతి బతికున్నవాళ్ళలో అమ్మ కాక నా ఒక్కదానికే తెలుసు. తెలియక తప్పలేదు, ఫారం నింపింది నేనే కాబట్టి. నాకు రెండేళ్ళప్పుడు అమ్మ జోహన్నెస్‌బర్గ్‌లో నాన్న దగ్గరకు వెళ్ళి, ఒక పెద్ద కొట్లో పసుపుపచ్చ గొడుగును నడుముకు చుట్టుకున్న గుడ్డలో దాచుకుని బయటకు నడిచింది. కోర్టులో జరిమానా వేశారు. నాన్న కట్టి, ఇంటికి వచ్చాక ఎవరికీ చెప్పలేదు.

"ఆకలేసి రొట్టె తీశానని చెప్పుకుంటే బాగుండేది," అంది అమ్మ ఆ రోజు ఫారం ముందు కూర్చుని. "కానీ రొట్టె కాదే. గొడుగు. వాన కూడా లేదు. బాగుందని తీశాను."

పదేళ్ళు దాటితే అలాంటి నేరాన్ని రికార్డులోంచి తీసెయ్యమని అడగవచ్చట. ఫారం మీద దాని పేరు ఎంత పొడుగ్గా ఉందంటే నాకు నోరు తిరగలేదు. మా బళ్ళో టీచరును అడిగితే, నల్లబల్ల మీద తన పేరు రాసి, తడిగుడ్డతో తుడిచి, "ఇదీ అర్థం," అన్నాడు. అమ్మ వేలిముద్రలు మూడుసార్లు తీశారు. గంజి గిన్నెలు తోమీ తోమీ గీతలు అరిగిపోయాయని పోలీసామె విసుక్కుంది.

"తర్వాత చదివిస్తాలే," అంటూ అమ్మ కవరు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం, దాచుకునే ఉత్తరమా? ఇంటి మనిషిని ముందు పెట్టుకుని ఉత్తరం దాస్తారా?" అంది అత్త. "చదవవే పిల్లా. నీ గొంతెట్లా ఉంటుందో మేమూ వింటాం."

అమ్మ కవరు నాకిస్తూ మెల్లగా అంది. "చివరి మాట చదువు చాలు."

"తోక దగ్గర్నుంచి చదవడం ఏ బళ్ళో నేర్పారే? తల దగ్గర్నుంచి చదువు!"

నేను తల దగ్గర్నుంచే మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే, అత్త అరవకపోయినా అక్కడినుంచే చదివేదాన్ని. మొదటి పేరాలో ఆ పొడుగుమాట కనిపించింది, దాని పక్కనే 'మంజూరైంది' అని ఉంది. ఎవరున్నారో, ఎవరు వినకూడదో అంతా మరిచిపోయాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా మాటల్లోకి మార్చి, బళ్ళో ఎప్పుడూ చదవనంత గట్టిగా చదివాను.

"జోహన్నెస్‌బర్గ్ కోర్టులో 2009లో మీ మీద రుజువైన దొంగతనం నేరాన్ని రికార్డులోంచి తుడిచేశారు. అమ్మా! తుడిచేశారమ్మా! దొంగతనం పోయింది!"

ముఫున్వా ఒక కాయ పటుక్కున ఒలిచింది.

"ఎవరు దొంగిలించారు?" అంది నానమ్మ. ఆమెకు సరిగా వినపడదు. "మన కోడినా?"

"ఏ దొంగతనం?" అంది అత్త.

అప్పటికి గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. అమ్మ వైపు చూడలేకపోయాను.

"ఒక గొడుగు వదినా," అంది అమ్మ. "పదమూడేళ్ళ కిందటి మాట. మీ తమ్ముడికి తెలుసు."

"చచ్చినవాణ్ణి సాక్ష్యానికి పిలుస్తావేం? వాడొచ్చి చెప్తాడా?" అత్త పొడుం డబ్బా మూత పెట్టింది. "పదమూడేళ్ళుగా దొంగ చేతి సంకటి తింటున్నానన్నమాట. ఇంకా ఉన్నట్టుందే కాయితం. చదువు."

రెండో పేరా అప్పుడు చూశాను. మనసులో ఒకసారి చదువుకున్నాను. నా గొంతు మళ్ళీ ఎప్పటిలా సన్నగా అయిపోయింది.

"వేలిముద్రలతో వెతికినప్పుడు ఇంకొక నేరం కూడా బయటపడింది. 2016 అక్టోబరు. మనిషిని కొట్టడం. మీరు స్టేషన్‌లోనే నేరం ఒప్పుకుని సంతకం చేసి జరిమానా కట్టారు. కోర్టుకు వెళ్ళకపోయినా అది శిక్ష కిందే లెక్క. పదేళ్ళు నిండలేదు కాబట్టి 2026 దాకా దీన్ని తుడవడానికి వీల్లేదు."

ఆ కొట్టింది ఎవరినో ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ కొట్టింది అత్తనే. చెల్లి పుట్టిన పదో రోజున అత్త వచ్చి, బిడ్డకు న్యాడ్జేని అని పేరు పెట్టింది. చులకనగా చూడండి అని దాని అర్థం. మళ్ళీ ఆడపిల్లను కన్నందుకు అది అమ్మకు తగిలించిన మాట. అమ్మ పొయ్యి మీద సంకటి కలుపుతోంది. ఆ తెడ్డుతోనే అత్త భుజం మీద రెండు దెబ్బలు వేసింది. అత్త తిన్నగా పోలీసుల దగ్గరకు నడిచింది. అది శుక్రవారం. సోమవారం దాకా లోపల ఉంటావా, ఇక్కడ సంతకం పెట్టి ఇంటికి పోతావా అని పోలీసు అడిగాడట. పాలు కారి అమ్మ జాకెట్టు తడిసిపోయి ఉంది. సంతకం పెట్టింది.

"అది ఇంటికెళ్ళే కాయితం," అంది అమ్మ ఇప్పుడు. "ఆ పోలీసు అదే అన్నాడు. ఇది పెడితే ఇంటికెళ్ళొచ్చు అన్నాడు. నేరమని అనలేదు."

"అదేంటే! అది అయిపోయింది కదా!" అత్త మోకాళ్ళ మీద లేచింది. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు. "ఊరిపెద్ద ముందు కూర్చున్నాం. నువ్వు మేకనిచ్చావు. సారాయి కాచావు. నువ్వు నీ చేత్తో ఇస్తే తాగాను. దీని పేరు ముద్దులబిడ్డ అని, ముఫున్వా అని మార్చాను. కడిగేసుకున్నాం కదే! నేను పోయి చెప్తా. క్షమించానని చెప్తా."

"ఎవరికి చెప్తావత్తా?" అన్నాను. "ఆ ఫారం మొత్తం నేనే నింపాను. క్షమించినట్టు రాయడానికి అందులో గడి లేదు."

అత్తతో నేను ఒకేసారి అన్ని మాటలు అనడం అదే మొదలు. ఆమె మోకాళ్ళ మీంచి మళ్ళీ కిందికి చతికిలబడింది.

"పిల్లల్ని చూసుకునే బడిలో, మనిషిని కొట్టిన ఆడదాన్ని పెట్టుకుంటారా?" అంది నానమ్మ. ఈ మాట మాత్రం ఆమెకు బాగా వినపడింది. గొడుగు మాటయితే టీచరమ్మ నవ్వి ఊరుకునేదేమో. ఇది అలా కాదు.

అత్త కాసేపు తన అరిచేతులు చూసుకుంది. ఆ తర్వాత మళ్ళీ మామూలు అత్త అయిపోయింది. తప్పు తన మీదకు వస్తున్నప్పుడు ఎవరైనా అలాగే చేస్తారేమో, నాకు తెలియదు.

"నా దెబ్బల సంగతి నేను మర్చిపోయా. సర్కారు మర్చిపోకపోతే నేనేం చెయ్యను? కానీ ఆ గొడుగు సంగతి సర్కారు మర్చిపోయినా, నేను ఇవాళే విన్నా." నానమ్మ వైపు తిరిగి గట్టిగా అరిచింది. "అమ్మా! గాదె తాళం చెవి దాని దగ్గర ఉంచకు. నీ నడుముకు కట్టుకో."

అమ్మ మెడలోంచి తాడు తీసి, తాళంచెవి నానమ్మ ముందు పెట్టింది. పెట్టేటప్పుడు కూడా రెండు చేతులతో, మోకాళ్ళ మీద కూర్చునే పెట్టింది. అత్త మాత్రల సంచి తీసుకుని లేచింది. అమ్మ మళ్ళీ పక్కకు ఒరిగి "ఆఁ" అని సాగనంపింది.

ఆమె వెళ్ళాక అమ్మ తొక్కలన్నీ చేటలోకి ఎత్తి బయట పోసి వచ్చింది. చేతులు కడుక్కుంది. ముఫున్వాకు సంకటి పెట్టింది. అప్పటిదాకా నావైపు చూడలేదు. తన గదిలోకి వెళ్తుంటే నేను ఉత్తరం పట్టుకుని వెనకే నడిచాను.

"అమ్మా, ఇది... దొంగతనం పోయిన కాయితం. లోపల పెట్టుకో."

అమ్మ తీసుకుంది. నాలుగు మడతలు పెట్టింది.

"బాగా చదివావమ్మా," అంది. "ఒక్క తప్పు లేకుండా చదివావు."

"అమ్మా, నేను కావాలని..."

తలుపు వేసేసింది. లోపల గడియ పడింది.